ఎల్ రీనోలో ఉల్లిపాయ బర్గర్ కోసం ఆగాలా? పెద్దవాళ్ళతో ప్రయాణం చేసేవాళ్ళకి నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: జూన్ రెండో వారంలో బెంటన్‌విల్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి కార్లో బయలుదేరుతున్నారు. మొత్తం ఐదుగురు. మీరూ మీ ఆవిడా అన్నీ తింటారు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మగారు చికెన్, చేపల వరకే. నాన్నగారు పూర్తి శాకాహారి. పాపకి ఎనిమిదేళ్ళు. దారిలో ఓక్లహోమాలో ఎల్ రీనో అనే ఊళ్ళో ఉల్లిపాయ బర్గర్ చాలా ఫేమస్ అని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆగడం దండగ అవుతుందా, ఆగితే ఏ షాపు, ఏం ఆర్డర్ చేయాలి, పెద్దవాళ్ళకి ఏం పెట్టాలి?

ఆగండి. తప్పకుండా ఆగండి. నేను ఓక్లహోమా సిటీ పక్కన పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఎల్ రీనోకి ఇరవై సార్లకు పైనే వెళ్ళి ఉంటాను. అంతకుముందు ఎమ్మెస్ చదివేటప్పుడు యూనివర్సిటీ కెఫెటేరియాలో రెండేళ్ళు గ్రిల్ దగ్గర పనిచేశాను. రోజుకి వందల బర్గర్లు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను. మీకు తొందరగా ఉంటే ఇంతవరకు చాలు: ఉదయం పదకొండు లోపే చేరండి, కౌంటర్ దగ్గర కూర్చోండి, చీజ్ వేసిన మామూలు ఆనియన్ బర్గర్ అడగండి, నాన్నగారి భోజనం ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

ఎల్ రీనో ఓక్లహోమా సిటీకి పడమరగా దాదాపు 30 మైళ్ళు. మీరు ఎలాగూ ఐ-40 మీదే పోతారు, హైవే దిగి ఊళ్ళోకి వెళ్ళడానికి ఐదు నిమిషాలు చాలు. స్థానికులు "ఎల్ రీనో" అని 'రీ' మీద ఒత్తి పలుకుతారు. రూట్ 66 అనే పేరున్న పాత హైవే ఈ ఊరి మధ్యలోంచే పోతుంది. ఒకప్పుడు ఇది రైల్వే ఊరు. రాక్ ఐలాండ్ రైల్‌రోడ్ వాళ్ళకి ఇక్కడ పెద్ద వర్క్‌షాపులు ఉండేవి. మన కాజీపేట, రాజమండ్రి లాంటి ఊళ్ళు చూసినవాళ్ళకి ఆ వాతావరణం తెలుసు: షిఫ్టు దిగిన కూలీలు, ఇంజన్ మసి, చవగ్గా కడుపు నింపే చిన్న హోటళ్ళు. ఆ రైల్‌రోడ్ కంపెనీ 1980లో మూతపడింది. పాత డిపో మాత్రం ఉంది, కౌంటీ మ్యూజియం అందులోనే పెట్టారు.

ఉల్లిపాయ బర్గర్ పుట్టింది ఆ రైల్వే కాలంలోనే. 1922 జులై 1న దేశమంతటా రైల్వే వర్క్‌షాపు కార్మికులు సమ్మెకి దిగారు, దాదాపు నాలుగు లక్షల మంది. ఎల్ రీనోలో జీతాలు ఆగిపోయాయి. మాంసం ఖరీదు, ఉల్లిపాయ చవక. హాంబర్గర్ ఇన్ అనే చిన్న షాపు నడిపే రాస్ డేవిస్ అనే ఆయన కొంచెం మాంసంలోకి సగానికి సగం సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి, అట్లకాడ వీపుతో గట్టిగా అదిమి, బర్గర్‌ని పెద్దదిగా చేసి అమ్మాడని ఊళ్ళో చెప్పుకుంటారు. తర్వాత 1930లలో మహామాంద్యం వచ్చింది, ఆ పద్ధతి ఇంకా పాతుకుపోయింది. కష్టకాలం పోయాక కూడా ఎవరూ ఉల్లిపాయ తగ్గించలేదు, ఎందుకంటే రుచి అప్పటికే నాలుకకి అలవాటైపోయింది.

ఈ కథ నాకు ఎందుకంత ఇష్టమంటే, మా ఇంట్లోనూ అదే జరిగేది. పావుకిలో ఖీమా తెస్తే పన్నెండు మంది తినాలి. మా నాయనమ్మ అరకిలో ఉల్లిపాయలు తరిగి అందులో వేసేది. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదని ఊరికే అనలేదు పెద్దలు. ఓక్లహోమాలో ఆ మాట తెలియని ఒక రైల్వే ఊరు కూడా అదే పని చేసిందని తెలిసినప్పుడు నాకు ఆ ఊరి మీద అభిమానం పుట్టింది, ఇప్పటికీ తగ్గలేదు.

ఇక షాపులు. పేరున్నవి మూడు: రాబర్ట్స్ గ్రిల్, జానీస్ గ్రిల్, సిడ్స్ డైనర్. రాబర్ట్స్ 1926లో మొదలైంది, రూట్ 66కి ఆ నంబర్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే. జానీస్ 1946 నాటిది. సిడ్స్ ఈ మూడింటిలో కొత్తది, కానీ బయటి నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే. మూడూ దగ్గరదగ్గరే ఉంటాయి. ఏది గొప్ప అని ఆ ఊళ్ళో అడిగితే ఒక్కో ఇంట్లో ఒక్కో మాట చెప్తారు, ఇంటింటికీ ఒక రాజకీయ పార్టీ ఉన్నట్టు. నేను ఒక్కడినే ఉంటే, లేదా ఇద్దరం ఉంటే రాబర్ట్స్‌కే వెళ్తాను. కౌంటర్, దాని ముందు వరుసగా స్టూళ్ళు, ఎదురుగా పెనం. అంతే షాపు. మీరు ఐదుగురు, అందులో పెద్దవాళ్ళున్నారు కాబట్టి అక్కడ ఇబ్బంది. సిడ్స్‌కో జానీస్‌కో వెళ్ళండి, టేబుళ్ళుంటాయి. సిడ్స్‌లో కౌంటర్ పైభాగంలోనే ఊరి పాత ఫోటోలు పరిచి పైన పారదర్శకంగా పూత పోసి ఉంటుంది. ఆర్డర్ వచ్చేలోపు పాపకి అవి చూపించండి.

కానీ ఒక్క పని చేయండి. మీరూ పాపా ఒక పది నిమిషాలైనా కౌంటర్ స్టూలు మీద, పెనం కనబడేలా కూర్చోండి. ఈ బర్గర్ తినడంలో సగం సంతోషం చూడ్డంలోనే ఉంది. ఏం చూడాలో చెప్తాను.

పెనం పెద్ద ఇనప పలక, మన దోసె పెనం లాంటిదే, ఎన్నో రెట్లు పెద్దది. వంటాయన నిమ్మకాయకన్నా కాస్త పెద్ద సైజు మాంసం ముద్ద ఒకటి దాని మీద పడేస్తాడు. దాని నెత్తిన గుప్పెడు ఉల్లిపాయ. తరిగిన ఉల్లి ఎంత సన్నగా ఉంటుందంటే, మన పెళ్ళిళ్ళలో పెరుగు పచ్చడికి తరిగేంత. ఉల్లిపాయ గుట్ట మాంసం ముద్దకన్నా ఎత్తుగా కనిపిస్తుంది. అప్పుడు వెడల్పాటి అట్లకాడ తీసి, రెండో చేత్తో దాని మీద బలం పెట్టి అదుముతాడు. ఒకసారి కాదు, అంచుల వెంట తిప్పుతూ నాలుగైదు సార్లు. ఉల్లి దోసె మీద ఉల్లిముక్కలు పిండిలోకి దిగాలని అట్లకాడతో నొక్కుతాం చూడండి, అచ్చం అదే పని. కాకపోతే ఇక్కడ ఉల్లిపాయ మాంసంలోకి కూరుకుపోయి రెండూ ఒకే అట్టులా అయిపోతాయి. అంచులు చిరిగి, చిల్లులు పడి, లేసులా ఉంటాయి.

తర్వాత తిప్పడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అది. ఉల్లిపాయ వైపు పెనానికి తగలగానే ఒక్కసారిగా చుయ్‌మని ఆవిరి లేస్తుంది. ఉల్లిలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఆవిరయ్యేంతవరకు ఉల్లి మెత్తబడుతుంది కానీ రంగు మారదు. నీరు పోయాక వేడి పెరిగి, ఉల్లిలోని తీపి మాంసం కొవ్వులో వేగి, ముదురు గోధుమ రంగుకి వస్తుంది. అక్కడక్కడా నల్లబడిన పోగులు కూడా వస్తాయి, అవి మాడిపోయాయని పక్కన పెట్టకండి, రుచి వాటిలోనే ఉంది. ఈలోపు చీజ్ ముక్క వేసి, బన్ రెండు భాగాలూ మాంసం మీదే బోర్లిస్తారు. కింది నుంచి వచ్చే ఉల్లిపాయ ఆవిరికి బన్ మెత్తబడి, ఆ వాసన బన్‌కి పడుతుంది. చైన్ రెస్టారెంట్లలో ఉల్లిపాయ పచ్చిదో, వేరుగా వేయించిందో పైన పెడతారు. ఇక్కడ ఉల్లిపాయ మాంసం, బన్, గాలి అన్నిటిలోనూ ఉంటుంది. షాపు బయట కారు తలుపు తీసినప్పుడే తెలుస్తుంది. మా కాలనీలో సాయంత్రం పూట ఎవరింట్లో పోపు పడిందో వీధి చివరి నుంచి చెప్పగలిగేవాళ్ళం, అలాంటి వాసన.

ఆర్డర్ విషయంలో నా మాట గట్టిగానే చెప్తాను. మొదటిసారి సింగిల్ ఆనియన్ బర్గర్, చీజ్‌తో, మస్టర్డ్, పికిల్. ఇంతే. పాలకూర, టమాటా, కెచప్ వద్దు. కెచప్ తీపి వేగిన ఉల్లి తీపిని మింగేస్తుంది. మస్టర్డ్‌లో ఆవఘాటు, పికిల్‌లో పులుపు ఆ తీపికి సరిజోడు. ఆవ పెట్టిన కూర తిన్న నాలుకకి ఈ జోడీ వెంటనే అర్థమవుతుంది. డబుల్ అడగాలనిపిస్తుంది, కానీ డబుల్‌లో మాంసం వంతు పెరిగి ఉల్లి వెనక్కి పోతుందని నా అభిప్రాయం. ఆకలిగా ఉంటే రెండు సింగిల్స్ తినండి. మాంసం ఎంత ఉడకాలని ఇక్కడ ఎవరూ అడగరు, మీరూ మీడియం అని చెప్పకండి. ఇంత పల్చటి మాంసం పూర్తిగానే ఉడుకుతుంది. అదే మంచిది కూడా. ఖీమా చేసిన బీఫ్ లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 71 సెల్సియస్, వచ్చేదాకా ఉడకాలని అమెరికా వ్యవసాయ శాఖ చెప్తుంది. స్టీక్‌కి పైపైన ఉండే సూక్ష్మజీవులు ఖీమా చేసేటప్పుడు లోపలికంతా కలిసిపోతాయి, కారణం అది. పాపకి పెట్టేటప్పుడు, ఇక్కడే కాదు ఎక్కడైనా, ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఊరి రెండో ప్రత్యేకత కోనీ. హాట్ డాగ్ మీద చిల్లీ, అంటే ఖీమా కూర లాంటిది, పోసి, పైన మస్టర్డ్ కలిపిన సన్నటి క్యాబేజీ స్లా వేస్తారు. మీ ఇద్దరూ ఒకటి పంచుకోండి. మిల్క్‌షేక్ పాపకి. ఫ్రైస్ ఒక ప్లేటు అందరికీ సరిపోతుంది, కానీ నాన్నగారి విషయంలో ఫ్రైస్ గురించి కింద ఒక మాట ఉంది, చదివాకే ఆర్డర్ చేయండి.

ఇప్పుడు పెద్దవాళ్ళ సంగతి. ఇది మీరు చివర్లో ఒక వాక్యంలో అడిగారు గానీ, నా దృష్టిలో మీ ప్రశ్నలో ముఖ్యమైన భాగం ఇదే.

కొన్నేళ్ళ కిందట మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు వేరే రాష్ట్రంలో ఒక చిన్న ఊరి బర్గర్ షాపుకి తీసుకెళ్ళాను. ఇద్దరూ శాకాహారులు. మెనూలో వెజ్జీ ప్యాటీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాను, వాళ్ళకి సరదాగా ఉంటుందని. వంటమనిషి బీఫ్ వేగుతున్న అదే పెనం మీద, రెండంగుళాల దూరంలో, ఆ వెజ్జీ ప్యాటీ పెట్టి, బీఫ్ తిప్పిన అట్లకాడతోనే దాన్నీ తిప్పింది. మా అత్తగారు అంతా చూశారు. ఏమీ అనలేదు. నీళ్ళు మాత్రం తాగి, ప్లేటు అలాగే వదిలేశారు. ఆ రోజు రాత్రి హోటల్లో అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. ఆ అమ్మాయి తప్పేం లేదు, అక్కడ పద్ధతే అది. ముందే అడగాల్సింది నేను. ఆ సాయంత్రం ఆమె మొహం నాకిప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చిన్న ఊళ్ళ పాత షాపుల్లో పెనం ఒకటే ఉంటుంది. గ్రిల్డ్ చీజ్ సాండ్‌విచ్ అడిగినా, గుడ్డు అడిగినా, బన్ వేడి చేయమన్నా అదే పెనం, అదే కొవ్వు. వేరే మూకుట్లో చేసిపెట్టగలరా అని మర్యాదగా అడగొచ్చు, రద్దీ లేని టైములో కొందరు చేస్తారు కూడా. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి క్యూ తలుపు దాటి ఉన్నప్పుడు అడిగితే వాళ్ళకీ మీకూ ఇబ్బందే. ఫ్రైస్ కూడా అంతే. బంగాళాదుంపే కదా అనుకోకండి. చికెన్ స్ట్రిప్స్ వేయించిన నూనెలోనే ఫ్రైస్ వేయిస్తుండొచ్చు, కొన్ని చోట్ల బీఫ్ కొవ్వులోనే వేయిస్తారు. పెద్ద చైన్లలోనూ ఈ గొడవ నడిచింది. మెక్‌డొనాల్డ్స్ 1990లో బీఫ్ కొవ్వు మానేసి కూరగాయల నూనెకి మారాక కూడా అమెరికాలో ఫ్రైస్‌కి బీఫ్ నుంచి తీసిన ఫ్లేవర్ వాడుతోందని 2001లో సియాటిల్‌లో కేసు పడింది. వేసింది మనలాంటి శాకాహార హిందువుల తరఫున. మరుసటి ఏడు కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లకి రాజీ చేసుకుంది. అందుకే ఎక్కడైనా సరే, "ఇందులో మాంసం ఉందా" అని అడిగితే సరిపోదు. "ఏ నూనెలో వేయిస్తారు, అదే నూనెలో ఇంకేం వేయిస్తారు" అని అడగండి. చిక్కుడుగింజల కూర లాగా కనిపించే బీన్స్‌లో బేకన్ వేస్తారు. చిల్లీ అంటే దాదాపు ఎప్పుడూ బీఫే.

అమ్మగారికి కూడా ఇదే వర్తిస్తుంది. చికెన్ సాండ్‌విచ్ అడిగి సరిపెట్టవచ్చనిపిస్తుంది, గ్రిల్డ్ అయితే అదే పెనం. ఫ్రయ్యర్‌లో వేయించిన చికెన్ స్ట్రిప్స్ దొరికితే కాస్త నయం, నూనె సంగతి అడిగాక. ఆవిడకి బీఫ్ తగిలిన పెనం పర్వాలేదా, కాదా అన్నది మీరు నిర్ణయించకండి. ఇంట్లోనే, బయలుదేరే ముందు, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆవిడనే అడగండి. కొందరు "నా ప్లేట్లో లేకపోతే చాలు" అంటారు. కొందరికి ఆ వాసనలో కూర్చోవడమే కష్టం. రెండూ గౌరవించాల్సిన మాటలే. మనం తింటున్నామని వాళ్ళ ముందు దాచాల్సిన పనీ లేదు, వాళ్ళు తినాలని మొహమాటపెట్టాల్సిన పనీ లేదు.

నేను ఇప్పుడు చేసేది ఇదీ. బయలుదేరే రోజు పొద్దున్నే పులిహోర కలుపుతాం. చింతపండు పులిహోర మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, దారిలో పాడవదు. పెరుగన్నం ఐస్‌బాక్స్‌లో, ఐస్ ప్యాకుల మధ్య, జూన్ ఎండలో కార్లో వదిలేయకుండా. పెద్దవాళ్ళు షాపు చేరకముందే, దారిలో ఏదైనా రెస్ట్ ఏరియా నీడలో కూర్చుని స్థిమితంగా తినేస్తారు. తర్వాత ఎల్ రీనోలో మాతోపాటు లోపలికి వచ్చి మిల్క్‌షేక్ తాగుతారు, లేదా చల్లటి ఐస్‌డ్ టీ. కడుపు నిండి ఉంటుంది కాబట్టి వాళ్ళకి అది ఒక కొత్త చోటు చూడటంలాగే ఉంటుంది. ఇంటి భోజనం డబ్బాలు షాపు లోపల మాత్రం తెరవకండి, చిన్న షాపు, టేబుల్ ఖాళీ కోసం జనం నిలబడి ఉంటారు. ఇంటి నుంచి మోయడం కుదరకపోతే ఓక్లహోమా సిటీలో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి, ఎల్ రీనోకి అరగంట ముందు. కానీ అవి సాధారణంగా పదకొండు తర్వాతే తెరుస్తాయి. అప్పుడు బర్గర్ షాపుకి సరిగ్గా రద్దీ టైములో చేరతారు. అందుకే నా ఓటు పులిహోరకే.

టైము లెక్క చూడండి. బెంటన్‌విల్ నుంచి 412 హైవే మీద టల్సా, అక్కడి నుంచి టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) మీద ఓక్లహోమా సిటీ, తర్వాత ఐ-40. ఆగకుండా దాదాపు నాలుగు గంటలు. ఆరింటికి బయలుదేరితే, మధ్యలో ఒక అరగంట ఆగి పెద్దవాళ్ళ భోజనం కానిచ్చుకున్నా, పదిన్నర, పదకొండు మధ్య ఎల్ రీనోలో ఉంటారు. పదకొండున్నర దాటితే స్థానికుల లంచ్ మొదలవుతుంది. ఆదివారం ప్రయాణం పెట్టుకోవద్దు. చిన్న ఊళ్ళలో చాలా షాపులు ఆదివారం తెరవవు. సాయంత్రం కూడా మనం అనుకున్నదానికన్నా ముందే కట్టేస్తారు. ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. పర్సులో కొంచెం క్యాష్ ఉంచండి, పాత షాపుల్లో కార్డు మెషిన్ మీద నమ్మకం పెట్టుకోలేం. కూర్చుని తింటే టిప్ 15 నుంచి 20 శాతం.

షాపులోకి వెళ్ళాక ఐదుగురికీ కలిపి ఒకేచోట కావాలని నిలబడిపోకండి. ఎక్కడ ఖాళీ అయితే అక్కడ ఇద్దరిద్దరుగా కూర్చోండి. పక్క స్టూలు మీద రిటైరైన పెద్దాయన ఎవరో ఉంటారు, ఎక్కడి నుంచి వస్తున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నలో వేరే అర్థం వెతక్కండి, మన పల్లెల్లో "ఏ ఊరు బాబూ" అన్నట్టే. మాట్లాడండి. నాకు ఈ బర్గర్ గురించి తెలిసినదాంట్లో సగం అలాంటి పెద్దవాళ్ళు చెప్పిందే. వంట చేసేవాళ్ళతో మాత్రం రద్దీ టైములో మాటలు పెట్టుకోవద్దు. గ్రిల్ దగ్గర నిలబడినవాడికి ఒక్కో ముద్దకీ ఒక్కో గడియారం బుర్రలో తిరుగుతూ ఉంటుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు.

పార్సిల్ కట్టించుకుని కార్లో తిందామనే ఆలోచన వస్తే, షాపు ముందే తినేయండి. కాగితంలో చుట్టిన పది పదిహేను నిమిషాలకే ఆవిరికి బన్ తడిసి ముద్దయిపోతుంది. "అమరిల్లోలో తిందాం" అని ఒకసారి నేను నాలుగు కట్టించుకెళ్ళాను. అమరిల్లో మూడు గంటల పైన దూరం. అక్కడ విప్పితే మిగిలింది తడి రొట్టె.

వాతావరణం ఒక్కసారి చూసుకోండి. మే, జూన్ నెలల్లో ఆ ప్రాంతంలో టోర్నడోలు వస్తాయి. 2013 మే 31న ఎల్ రీనో దగ్గర వచ్చినది వెడల్పులో రికార్డు, 2.6 మైళ్ళు. అలాంటి తుఫాన్లు ఎక్కువగా సాయంత్రం పూట లేస్తాయి, మీరు మధ్యాహ్నానికే ఊరు దాటిపోతారు. ఫోన్లో వార్నింగ్ అలర్ట్స్ మాత్రం ఆన్‌లో ఉంచండి. వార్నింగ్ ఉంటే బర్గర్ వదిలేయండి, వచ్చేటప్పుడు తినొచ్చు.

ఊరు దాటాక తొందర లేకపోతే కాసేపు పాత రూట్ 66 మీద వెళ్ళండి. సౌత్ కెనేడియన్ నది మీద 1933లో కట్టిన పొడుగాటి వంతెన వస్తుంది, పసుపు రంగు ఉక్కు కమానులు 38, ఒకదాని వెనక ఒకటి. పాపని లెక్కపెట్టమనండి, నాన్నగారికి ఫోటో తీయండి.

మీ దారి న్యూ మెక్సికో మీదుగా కాబట్టి ఒక చివరి మాట. అక్కడికి వెళ్ళాక బర్గర్ అంటే పచ్చిమిర్చి బర్గర్. నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, తరిగిన గ్రీన్ చిల్లీ వేస్తారు. ఆ వాసన మన కాల్చిన మిరపకాయ రోటిపచ్చడి వాసనకి దగ్గరి చుట్టం. ఏది ఆర్డర్ చేసినా "రెడ్ ఆర్ గ్రీన్" అని అడుగుతారు, ఎర్ర మిరప సాసా, పచ్చ మిరప సాసా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనండి, వాళ్ళకి అర్థమవుతుంది. దీనికి పేరున్న చిన్న ఊరు శాన్ ఆంటోనియో, ఆల్బుకర్కీకి దక్షిణాన గంటన్నర దాకా పడుతుంది. అక్కడి ఔల్ బార్ 1945 నుంచీ ఉంది. అదే ఏడాది జులైలో ట్రినిటీ దగ్గర మొదటి అణుబాంబు పరీక్షకి వచ్చిన శాస్త్రవేత్తలు అక్కడ తినేవాళ్ళని చెప్తారు. మీ దారిలో అది పడదు, ఈ ట్రిప్పులో అటు తిరగొద్దు, పెద్దవాళ్ళకి అలసట. ఆల్బుకర్కీలోనే కాల్చిన గ్రీన్ చిల్లీ వేసే చోట్లు చాలా ఉన్నాయి.

నాన్నగారికి ఒక మంచి వార్త కూడా. కాల్చిన గ్రీన్ చిల్లీ విడిగా అడిగితే ఒక గిన్నెలో ఇస్తారు. సాస్ అడక్కండి, అందులో పంది మాంసమో చికెన్ స్టాకో ఉండొచ్చు, ఉత్త కాల్చిన మిరపకాయలే అడగండి. మా మామగారు వాటిని హోటల్ గదికి తెచ్చుకుని, ఉప్పు, నిమ్మకాయ పిండి, మిగిలిన పెరుగన్నంలో నంజుకున్నారు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన రెండోసారి వడ్డించమన్న భోజనం అదొక్కటే. ఐస్‌బాక్స్‌లో పెరుగు కాస్త ఎక్కువ పెట్టుకోండి.